కుండను తట్టి చూసినట్టు: కేంద్రకం కంపనాల కథ



మేము తెలుగు చెప్పేవాళ్ళం. ఫిజిక్స్ మా సబ్జెక్టు కాదు. అయినా ఈసారి కథో పద్యమో కాకుండా పరమాణు కేంద్రకం గురించి రాస్తున్నామంటే, దానికి కారణం ఒక పాత బాకీ.

రెండేళ్ళ కిందట, ఇంతకుముందు పనిచేసిన ఊళ్ళో, తొమ్మిదో తరగతి పిల్లలకు ‘పరమాణువు’ అన్న మాటను విడదీసి చెబుతున్నాం. హిందీలో నాభిక్ అనేదాన్నే తెలుగులో కేంద్రకం అంటామని చెప్పి, బోర్డు మీద గుండ్రంగా ఒక బంతి గీశాం. వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి, డిసెంబరులో అస్సాం నుంచి వచ్చి చేరిన అమ్మాయి చివరి బెంచీలో లేచి నిలబడింది. “కేంద్రకం గుండ్రంగా ఉంటుందని ఎవరు చూశారు టీచర్?” అని అడిగింది.

“పుస్తకంలో అలాగే ఉందమ్మా” అన్నాం. అమ్మాయి కూర్చుంది. అది జవాబు కాదని మాకు తెలుసు, తనకూ తెలుసు.

పక్క గదిలోని ఫిజిక్స్ సారును అడిగి, ఆయన ఇచ్చిన పుస్తకాలు చదివి, అర్థం కానిచోట ఆయన్ని విసిగించి, అసలు జవాబు తెలుసుకునేసరికి ఏప్రిల్ వచ్చింది. అప్పటికి ఆ కుటుంబానికి మళ్ళీ బదిలీ. మరుసటి ఏడాది మాకూ బదిలీ. ఈ పత్రిక చాలా ఊళ్ళ బడులకు వెళ్తుంది. ఆ అమ్మాయి ఉన్న ఊరికీ వెళ్తుందన్న ఆశతో జవాబు ఇక్కడ రాస్తున్నాం. మీరూ చదవండి.

1. కంటికి కనిపించనిది

సంతలో కుండ కొనేటప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుందో గమనించారా? కుండను చెవి దగ్గరికి తెచ్చుకుని వేలి కణుపుతో ఒకసారి తడుతుంది. ఖంగుమని మోగితే తీసుకుంటుంది. మోత బొంగురుగా వస్తే పక్కన పెట్టేస్తుంది. పగులు కంటికి కనిపించకపోయినా మోతలో తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలున్నాయి. తట్టకపోతే కుండ పలకదు. గట్టిగా కొడితే కుండే ఉండదు.

శాస్త్రవేత్తలు కేంద్రకాన్ని తెలుసుకునేదీ ఇలాగే. ఈ పాఠంలో ఉదాహరణగా ఎర్బియం-166 అనే కేంద్రకాన్ని తీసుకుందాం. ఇందులో 68 ప్రోటాన్లు, 98 న్యూట్రాన్లు ఉంటాయి. ఎర్బియం అరుదైన లోహమే కానీ మనకు కొత్తది కాదు. దూరాల మధ్య ఇంటర్నెట్‌ను మోసే ఆప్టికల్ ఫైబర్ తీగల్లో సంకేతాలకు బలం ఇవ్వడానికి దాన్నే వాడతారు. ఈ కేంద్రకం అడ్డుకొలత సుమారు 13 ఫెమ్టోమీటర్లు. మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోమీటరు. మన కంటికి కనిపించే వెలుతురు అల పొడవు ఈ కేంద్రకానికి సుమారు నాలుగు కోట్ల రెట్లు. అంత పెద్ద అల ఇంత చిన్న వస్తువు ఆకారాన్ని చూపించలేదు. కాబట్టి “ఎవరు చూశారు?” అన్న ప్రశ్నకు మొదటి జవాబు: ఎవరూ చూడలేదు. తట్టి, విన్నారు.

2. గుండ్రని బంతి కాదు

1909లో గైగర్, మార్స్‌డెన్ పలచటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపితే కొన్ని వెనక్కి తిరిగి వచ్చాయి. ఆ ఫలితం నుంచి రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువు మధ్యలో చిన్న, బరువైన కేంద్రకం ఉందని తేల్చాడు. తరవాత చాలాకాలం దాన్ని ఒక నీటిబొట్టులా ఊహించుకున్నారు. బొట్టు గుండ్రంగానే కదా ఉండాలి!

అయితే కొన్ని కేంద్రకాల విద్యుత్ కొలతలు గుండ్రని బంతికి సరిపడలేదు. 1950లో అమెరికాలో జేమ్స్ రెయిన్‌వాటర్ కేంద్రకం సాగి ఉండవచ్చని సూచించాడు. కోపెన్‌హేగెన్‌లో ఆగే బోర్, బెన్ మోటెల్సన్ ఆ ఆలోచనను పూర్తి సిద్ధాంతంగా పెంచారు. ముగ్గురికీ కలిపి 1975లో నోబెల్ బహుమతి వచ్చింది. వీరిలో ఆగే, నీల్స్ బోర్ కొడుకు. యుద్ధకాలంలో 1943లో తండ్రితో దేశం విడిచి స్వీడన్, ఇంగ్లండ్, అమెరికా తిరిగినవాడు. మోటెల్సన్ అమెరికా నుంచి కొద్దికాలానికని కోపెన్‌హేగెన్ వెళ్ళి అక్కడే స్థిరపడినవాడు.

ఎర్బియం-166 ఆకారం కాస్త బొద్దుగా ఉన్న దొండకాయను పోలి ఉంటుంది. వెడల్పు కంటే పొడవు సుమారు మూడో వంతు ఎక్కువ. ఇలా గుండ్రదనం తప్పిన కేంద్రకాలను విరూపిత కేంద్రకాలు అంటారు. ‘విరూపం’ అంటే ఇక్కడ వికారం అని కాదు, గోళాకారం నుంచి మారిన రూపం అని మాత్రమే.

3. తాకకుండా తట్టడం

ఒకే జాతి విద్యుదావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయని, దగ్గరయ్యేకొద్దీ ఆ తోపు పెరుగుతుందని కూలుంబ్ నియమంలో చదువుకుంటారు. ఇప్పుడు ఒక ఆక్సిజన్ కేంద్రకాన్ని వేగంగా ఎర్బియం మీదికి పంపామనుకుందాం. రెండూ ధనావేశాలే. ఆక్సిజన్ దగ్గరవుతున్నకొద్దీ వేగం తగ్గి, ఒకచోట ఆగినట్టయి, వెనక్కి మళ్ళుతుంది. రెండూ తాకనే లేదు.

కానీ ఆ దగ్గరితనంలోనే పని జరిగిపోయింది. దొండకాయ ఏటవాలుగా ఉంటే దగ్గరి కొన మీద తోపు ఎక్కువ, దూరపు కొన మీద తక్కువ. ఆ తేడా దాన్ని తిప్పుతుంది. అదే తేడా దాని ఒంటిని నొక్కి అదిరేలా కూడా చేస్తుంది. చంద్రుడి వల్ల సముద్రంలో ఆటుపోట్లు రావడానికీ ఇలాంటి దగ్గర–దూరం తేడాయే కారణం. ఇలా విద్యుత్ తోపుతో మాత్రమే కేంద్రకానికి శక్తి ఇవ్వడాన్ని కూలుంబ్ ఉత్తేజం అంటారు. 1953లో కోపెన్‌హేగెన్‌లో హూస్, జుపాన్చిచ్ టాంటలం లోహం మీదికి ప్రోటాన్లను పంపి దీన్ని చూపించారు. అదే ఏడాది అమెరికాలోనూ ఇటువంటి ప్రయోగం జరిగింది.

తాకకూడదని ఇంత పట్టుదల ఎందుకు? తాకితే కేంద్రక బలం కూడా కలగజేసుకుంటుంది. దాన్ని లెక్కకట్టడం చాలా కష్టం. విద్యుత్ బలాన్నైతే కచ్చితంగా లెక్కకట్టగలం. తట్టిన వేలి బలం ఎంతో తెలిస్తేనే కదా, మోతను బట్టి కుండ సంగతి చెప్పగలిగేది! అందుకే రెండు కేంద్రకాల అంచుల మధ్య కనీసం 5 ఫెమ్టోమీటర్ల ఎడం ఉంచుతారు.

*మీరే లెక్క కట్టండి:* ఆక్సిజన్-16, ఎర్బియం-166 వ్యాసార్ధాల మొత్తం సుమారు 10 ఫెమ్టోమీటర్లు. ఎడం 5 కలిపితే మధ్యబిందువుల దూరం 15. ఆక్సిజన్‌లో ప్రోటాన్లు 8, ఎర్బియంలో 68. 1.44 × 8 × 68 ను 15తో భాగించండి. సుమారు 52 వస్తుంది. ఎర్బియం కూడా కొంచెం వెనక్కి జరుగుతుంది కాబట్టి పదో వంతు కలపండి. సుమారు 57 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది దాటకుండా పంపితే తాకకుండా తట్టినట్టు.

తట్టడంలో వేగం సంగతి కూడా ఉంది. ఉయ్యాలను చేత్తో పట్టుకుని చాలా మెల్లగా పైకి తీసుకెళ్ళి, అంతే మెల్లగా కిందికి తెస్తే అది ఊగదు. చటుక్కున ఒక తోపు తోస్తేనే ఊగుతుంది. ఆక్సిజన్ వచ్చి మళ్ళే సమయం ఎంతో చూడండి. సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని కోటి భాగాలు చేసి, మళ్ళీ అందులో ఒకదాన్ని కోటి భాగాలు చేస్తే వచ్చేంత. కేంద్రకం లెక్కలో అది చటుక్కున తోసినట్టే.

4. మెట్లు చెప్పే మాట

శక్తి అందుకున్న కేంద్రకం దాన్ని దాచుకోదు. గామా కిరణంగా విడిచి మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ కిరణమే మన కుండ మోత. కిరణాల శక్తిని కొలిస్తే కేంద్రకం ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు దిగిందో తెలుస్తుంది. ఈ శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు.

ఎర్బియం-166లో మొదటి వరుస మెట్లు ఇవి: 0, 81, 265, 545, 911. వీటి స్పిన్ సంఖ్యలు వరుసగా 0, 2, 4, 6, 8. స్పిన్ అంటే ఆ కేంద్రకం ఎంత భ్రమణంలో ఉందో చెప్పే సంఖ్య. ఒక వస్తువు గిరగిర తిరుగుతుంటే దాని శక్తి స్పిన్ × (స్పిన్ + 1) కు అనుపాతంలో ఉండాలి. 2 × 3 = 6, 4 × 5 = 20, 6 × 7 = 42. అంటే రెండో మెట్టు మొదటిదానికి 3.33 రెట్లు, మూడోది 7 రెట్లు ఉండాలి. కొలిచి చూస్తే 3.29, 6.77 వచ్చాయి. దాదాపు సరిపోయింది! ఆ చిన్న తగ్గుదలకూ అర్థం ఉంది. తిరిగే వేగం పెరిగేకొద్దీ కేంద్రకం స్వభావం కొంచెం మారి, తిప్పడం కాస్త సులువవుతోంది.

ఇక్కడే ఆ అమ్మాయి ప్రశ్నకు రెండో జవాబు. ఏ మచ్చా లేని గుండ్రని గోళీని తిప్పండి. తిరుగుతోందో లేదో చెప్పగలరా? క్వాంటం ప్రపంచంలో ఇంకో అడుగు ముందుకేసి, అటువంటి గోళానికి భ్రమణపు మెట్లే ఉండవంటారు. ఎర్బియంకు భ్రమణపు మెట్లున్నాయి. కాబట్టి అది గుండ్రంగా లేదు. మేము బోర్డు మీద గీసిన బొమ్మ, కనీసం ఈ కేంద్రకం విషయంలో, తప్పు.

5. వరుసలో ఇమడని మెట్టు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గామా కిరణాల్లో 786 దగ్గర ఒకటి, 705 దగ్గర ఒకటి కనిపిస్తాయి. రెండింటి తేడా ఎంత? 81. అంటే మొదటి మెట్టు ఎత్తు! 786 ఎత్తున ఉన్న ఒక మెట్టు నుంచి కేంద్రకం ఒక్కోసారి నేరుగా నేలకు దూకుతోంది, ఒక్కోసారి 81 మెట్టు మీదికి దూకుతోంది. కానీ పై వరుసలో 786 ఎక్కడా లేదు. పైగా దాని స్పిన్ 2. మొదటి వరుసలో స్పిన్ 2 ఉన్న మెట్టు 81 దగ్గరే అయిపోయింది కదా. ఇది వేరే నిచ్చెన.

ఇది కంపనం వల్ల వచ్చిన నిచ్చెన. పొడుగాటి బెలూన్‌లో నీళ్ళు నింపి చేతిలో పట్టుకుని చూడండి. అది మూడు రకాలుగా అదరగలదు.

మొదటిది: నడుము గుండ్రంగానే ఉంచి పొడవు సాగుతూ తగ్గుతూ ఉండడం. దీన్ని బీటా కంపనం అంటారు.

రెండోది: నడుమును రెండు పక్కలా నొక్కినట్టు, ఒకసారి ఇటు చదునై, ఒకసారి అటు చదును కావడం. దీన్ని గామా కంపనం అంటారు. గామా కిరణానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

మూడోది: ఒక కొన లావై, ఇంకో కొన సన్నబడి, మళ్ళీ అటుదిటు కావడం. అంటే అటూ ఇటూ మారే బేరికాయ ఆకారం. దీన్ని ఆక్టుపోల్ కంపనం అంటారు.

ఎర్బియం-166లో 786 మెట్టు రెండో రకానిది. దాని పైన 859, 956, 1075 అని ఇంకా మెట్లున్నాయి. వీటి స్పిన్‌లు 3, 4, 5. మొదటి నిచ్చెనలో సరిసంఖ్యలే ఉంటే, ఇక్కడ బేసి సంఖ్యలు కూడా వచ్చాయి. నడుము గుండ్రదనం చెడిపోవడం వల్ల వచ్చిన గుర్తు అది. ఈ కొత్త నిచ్చెనకు మెట్లు ఉండడమే ఇంకో సంగతి చెబుతోంది. దొండకాయ అదురుతూనే తిరుగుతోంది కూడా.

6. ఒక్కరా, అందరూనా?

మెట్టు ఎత్తు ఒక్కటే చూసి కంపనం అని తీర్పు చెప్పకూడదు. ఒకే ఒక్క ప్రోటాన్ తన చోటు మారినా కొత్త మెట్టు రావచ్చు. మరి తేడా ఎలా తెలుస్తుంది?

రిపబ్లిక్ డే మార్చ్‌పాస్ట్ గుర్తుచేసుకోండి. ఒక్క కుర్రాడు నేల మీద కాలు కొడితే వచ్చే చప్పుడు ఒకటి. వరుస వరుసంతా ఒకేసారి కొడితే వచ్చే చప్పుడు ఇంకొకటి. కూలుంబ్ ఉత్తేజం ఈ చప్పుడు బలాన్నే కొలుస్తుంది. ఎన్ని ఆక్సిజన్ కేంద్రకాలను పంపితే ఎన్నిసార్లు ఆ మెట్టు ఎక్కింది అని లెక్కపెడతారు. తట్టిన బలం ముందే తెలుసు కాబట్టి, ఆ లెక్క నుంచి కేంద్రకంలో ఎంత మంది కలిసి కదిలారో చెప్పవచ్చు.

ఒక్క ప్రోటాన్ చేయగలదాన్ని 1 అనుకుంటే, ఎర్బియం-166 భ్రమణపు మొదటి మెట్టు బలం 200కు పైగా వస్తుంది. మొత్తం కేంద్రకం ఒక్కటిగా తిరుగుతోందన్నమాట. 786 మెట్టుకు అంత రాదు కానీ, ఒక్క ప్రోటాన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది. అంటే అది ఒక్కరి పని కాదు. తెలుగు టీచర్లం కాబట్టి మా మాటల్లో చెబుతాం: అక్కడ ప్రోటాన్ ‘నేను’ అనడం లేదు, అన్నీ కలిసి ‘మేము’ అంటున్నాయి.

7. మన దేశంలో

ఇదంతా పై దేశాల ముచ్చటే అనుకోకండి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో పెల్లెట్రాన్ అనే త్వరణ యంత్రం ఉంది. అందులో ఒక చక్కని ఉపాయం. ముందుగా అదనపు ఎలక్ట్రాన్ ఉన్న రుణ అయాన్లను లోపలికి పంపుతారు. మధ్యలో ఉన్న భారీ ధన వోల్టేజి వాటిని లాక్కుంటుంది. అక్కడ పలచటి కార్బన్ పొర వాటి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఇప్పుడవి ధన అయాన్లయ్యాయి కాబట్టి అదే వోల్టేజి వాటిని అవతలికి తోసేస్తుంది. ఒకే వోల్టేజితో రెండు పనులు! ఆక్సిజన్ ఆరు ధనావేశాలతో బయటికి వచ్చి, వోల్టేజి 8 మిలియన్లు ఉంటే, (1 + 6) × 8 = 56 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇందాక మనం కట్టిన హద్దు 57. సరిగ్గా లోపలే ఉన్నాం. ఇదే కేంద్రంలో తగరం కేంద్రకాల మీద కూలుంబ్ ఉత్తేజ ప్రయోగాలు జరిగాయి.

గామా కిరణాలను వినే చెవులు జెర్మేనియం స్ఫటికాలు. వాటిని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి ఉంచాలి. తట్టిన దెబ్బకు ఎర్బియం కేంద్రకం కదులుతూ కిరణాన్ని విడుస్తుంది కాబట్టి, దగ్గరికి వచ్చే రైలు కూత ఒకలా, దూరమయ్యే రైలు కూత ఒకలా వినిపించినట్టు, కిరణం శక్తిలో చిన్న తేడా వస్తుంది. దాన్ని సరిదిద్దుకోవాలి.

మన దేశంలో ఇటువంటి గామా శోధకాల పెద్ద బృందం ఒకటుంది. పేరు ఇండియన్ నేషనల్ గామా అరే. అది ఒకే ఊళ్ళో ఉండదు. కొంతకాలం ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, కొంతకాలం ఢిల్లీలో, కొంతకాలం కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రంలో పనిచేస్తుంది. అంటే వాటికీ బదిలీలే! ఊరు మారిన ప్రతిసారీ కొత్త యంత్రం, కొత్త ప్రశ్నలు, అవే చెవులు.

మన తెలుగువాళ్ళలో కేంద్రక భౌతిక శాస్త్రానికి పునాది వేసినవారిని కూడా ఒకసారి తలుచుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద యోగిగా హిమాలయాలకు వెళ్ళి, ఆ తరవాత ప్రాగ్‌లో పరిశోధన చేసి, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేశారు. తిరిగి వచ్చి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

8. ఇంకా తేలనివి

కథ ఇక్కడితో అయిపోలేదు. 2013లో జెనీవా దగ్గరి సెర్న్‌లో, ఎక్కువకాలం నిలవని రేడియం-224, రాడాన్-220 కేంద్రకాలనే పుంజంగా చేసి, కూలుంబ్ ఉత్తేజంతో పరీక్షించారు. రేడియం-224 బేరికాయ ఆకారంలోనే నిలిచి ఉందని, రాడాన్-220 మాత్రం ఆ ఆకారానికి అటూ ఇటూ కంపిస్తోందని తేలింది. నిలిచిన ఆకారానికీ, ఊగే ఆకారానికీ ఉన్న తేడాను కూడా ఈ తట్టే విద్య చెప్పగలదన్నమాట.

మరి ఒకసారి కంపించిన కేంద్రకం అదే కంపనాన్ని రెండింతలుగా పొందగలదా? ఉయ్యాల అయితే పొందుతుంది. ఎర్బియం-166లో 786కు రెట్టింపు 1572. కానీ రెట్టింపు గామా కంపనంగా గుర్తించిన ఒక స్థితి 2028 దగ్గర దొరికింది. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సీటు నంబర్లున్న రైలు ప్రయాణికుల లాంటివి. ఒకరి చోట ఇంకొకరు కూర్చోలేరు. అందుకే రెండో కంపనం మొదటిదంత సులువుగా ఇమడదు. ఇక బీటా కంపనం అని పాత పుస్తకాల్లో రాసిన మెట్లలో నిజంగా ఎన్ని కంపనాలో శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదంలో చేరడానికి మీకింకా చోటుంది.

ముగింపు

అమ్మా, నువ్వు ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ తరగతిలో ఉన్నావో మాకు తెలియదు. నీ ప్రశ్నకు జవాబు ఇది. కేంద్రకాన్ని ఎవరూ చూడలేదు. చాలా దగ్గరగా వెళ్ళి, తాకకుండా ఆగి, అది చెప్పింది విన్నారు. అది గుండ్రంగా ఉన్నానని చెప్పలేదు. “పుస్తకంలో ఉంది” అన్న మా మాట వెనక్కి తీసుకుంటున్నాం.

మిగతా పిల్లలకు ఒక మాట. డిసెంబరులోనో జనవరిలోనో మీ తరగతిలోకి కొత్తవాళ్ళెవరైనా వచ్చి చివరి బెంచీలో కూర్చుంటే, వాళ్ళు లేచి అడిగే ప్రశ్నను కాస్త శ్రద్ధగా వినండి.

అభ్యాసం

1. కాడ్మియం-114 కేంద్రకంలో మొదటి మెట్టు 558. స్పిన్ 4 ఉన్న మెట్టు 1284. రెండింటి నిష్పత్తి కట్టండి. అది 3.33కు దగ్గరగా ఉందా, 2కు దగ్గరగా ఉందా? ఆ కేంద్రకం దొండకాయలా తిరుగుతోందా, గుండ్రని బొట్టులా కంపిస్తోందా?

2. యురేనియం-238లో మొదటి మెట్టు 45, రెండోది 148. ఇదే ప్రశ్నకు జవాబు చెప్పండి.

3. తాకకుండా, పగలగొట్టకుండా లోపలి సంగతి తెలుసుకునే పనులు మీ ఇంట్లో, మీ వీధిలో ఏమేమున్నాయి? ఐదు రాయండి. వాటిని మీ ఇంట్లో ఏ మాటలతో చెబుతారో ఆ తెలుగు మాటలతోనే రాయండి.